మిడతల ఏటి పాలు

ఈ ఊళ్ళో నా అంత జ్ఞాపకశక్తి ఉన్నవాడు ఇంకొకడు లేడు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట. పుట్టిన నలభయ్యో రోజు నుంచీ నాకు అన్నీ గుర్తే. మిడతల దండు వచ్చి పట్టపగలు సూర్యుణ్ణి మింగేసిన రోజున నన్ను ఒక గుడ్డలో చుట్టి మెట్ల కింద దాచారు. ఆ గుడ్డ నీలం రంగు. అయినా ఒక మిడత ఎలా దూరిందో దూరి నా ముక్కు మీద వాలింది. నేను దాని కళ్ళలోకి చూశాను, అది నా కళ్ళలోకి చూసింది. చివరికి అదే సిగ్గుపడి లేచిపోయింది. అలాంటివాణ్ణి, చిన్నప్పుడు ఎవరి పాలు తాగానో, ఎవరివి తాగలేదో మరిచిపోతానా?

పోయిన వారం చదవనివాళ్ళ కోసం, చదివి మరిచిపోయినవాళ్ళ కోసం, నాలుగు ముక్కల్లో జరిగిన కథ. నా పేరు ఫైదీ. ఖుద్స్ కోట లోపల దూదేకడం నా పని. మీరు యెరూషలేము అనేది ఆ ఊరినే. చదువు మా మేనమామ ఊరు అబూ దీస్‌లో, షేక్ గారి బెత్తం కింద నాలుగేళ్ళు. పంతొమ్మిదో ఏట మా లోగిలిలోనే పుట్టి పెరిగిన బద్రియాను పెళ్ళాడాలనుకున్నాను. పెద్దలు ఒప్పుకున్నారు, పెళ్ళి ఖాయమని ఫాతిహా చదవడమే తరువాయి. అప్పుడు అదే లోగిలిలో ఉంటున్న యూదుల ఆడమనిషి ఉమ్ నిసీమ్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఈ పెళ్ళి చెల్లదు, ఇద్దరికీ నా పాలిచ్చాను" అంది. మాలో ఒకే రొమ్ము పాలు తాగినవాళ్ళు తోబుట్టువులు. అంతటితో అయిపోయింది. బద్రియాకు మా వీధిలోనే పది గుమ్మాల అవతల వేరే మనిషితో పెళ్ళయింది. నేను ఇలాగే మిగిలిపోయాను. పిల్లల్లేని మగవాణ్ణి మావాళ్ళు అబూ గాయిబ్ అంటారు, రాని బిడ్డకు తండ్రి అని. వీధంతా నన్ను పిలిచే పేరు అదే.

తర్వాత యుద్ధం వచ్చి ఊరు రెండు ముక్కలైంది. ఉమ్ నిసీమ్ అవతలి ముక్కలో పడింది. పంతొమ్మిదేళ్ళు మధ్యలో ముళ్ళతీగ. ఆ తీగ తీసేసిన ఏడు, శీతాకాలంలో, ఆ రోజు ఆమె ఆడింది అబద్ధమని ఆమె నోటే చెప్పిద్దామని బయలుదేరాను. బద్రియా భర్త పోయి అప్పటికి మూడేళ్ళు. ఇంతకంటే విడమరిచి చెప్పను, మీకు తెలుసు. ఉమ్ నిసీమ్ తలుపు మీద చెయ్యి వేసిన చోట పోయిన వారం ఆపాను.

సరే, తోశాను.

నా వెనక మిత్రీ ఉన్నాడు. పునరుత్థానపు గుడి దగ్గర కొవ్వొత్తులు పోసి అమ్ముతాడు, నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు. దారి పొడుగునా నన్ను ఏడిపిస్తూనే వచ్చాడు.

"మీసానికి నూనె రాశావేంట్రా? ముసలమ్మను అడగడానికా, ముసలమ్మనే చేసుకోడానికా?"

"నోరు మూసుకుని విల్లు పట్టుకో," అన్నాను. దూదేకే విల్లు లేకుండా నేను ఎవరి గడపా తొక్కలేదు. చేతిలో పని ఉంటే మనిషి ఎందుకొచ్చాడని ఎవరూ అడగరు.

ఒక్కటే గది. మూల కిరోసిన్ పొయ్యి మీద మూకుడు. ముసలామె మాకు వీపు పెట్టి నూనెలో పిండి ఉండలు వదులుతోంది. అవి బూరెల్లా ఉబ్బి పైకి తేలుతున్నాయి. వాళ్ళ దీపాల పండుగ నడుస్తోంది. ఆ ఏడు ఆ పండుగా, మా రంజాన్ ఆఖరి రోజులూ ఒకేసారి వచ్చిపడ్డాయి.

"తలుపెయ్యండి, గాలికి పొయ్యి ఆరిపోద్ది," అంది తిరగకుండానే. "ఎవరు?"

"నేను పిన్నీ. ఫైదీని."

గరిటె ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"విల్లు తెచ్చావా?"

"తెచ్చాను."

"అయితే ఆ పరుపు వాకిట్లోకి లాగు. పంతొమ్మిదేళ్ళుగా దాన్ని సరిగ్గా ఏకినవాడు లేడు. ఇక్కడివాళ్ళు దూదిని ఏకరు, తిట్టి వదిలేస్తారు. నీ వెనకున్న లావుపాటి మనిషెవరు?"

"మిత్రీ. కొవ్వొత్తుల యాకూబ్ కొడుకు."

"ఓహో. కూర్చో నాయనా. ఫైదీకి ఏమీ పెట్టను, ఉపవాసమని నాకు తెలుసు. నువ్వు తిను. వేడివేడివి."

మిత్రీ గొంతు సవరించుకున్నాడు. "మాకూ ఉపవాసమే పిన్నీ. మా క్రిస్మస్ ఇంకా వారం ఉంది. గుడ్డు, పాలు, వెన్న ముట్టకూడదు."

"నేను గుడ్డేశాను."

"వాసన బట్టి తెలుస్తూనే ఉంది," అన్నాడు పాపం, కళ్ళు మూకుడు మీదే ఉంచి.

అప్పుడు తిరిగింది. మనిషి సగానికి కుంచించుకుపోయింది. కళ్ళు మాత్రం అవే. "ఎనిమిది రోజుల పండుగ. ఆరు రోజులుగా రోజూ వేస్తున్నాను, రోజూ పక్కింటి పిల్లులకి పెడుతున్నాను. ఇవాళ ఇద్దరు మనుషులొస్తే ఇద్దరూ నోరు కట్టుకొచ్చారు!" అని నవ్వింది. ఆ నవ్వులో ఏముందో నేను అప్పుడు వినలేదు. నా గొడవ నాది.

పరుపు వాకిట్లో విప్పాను. లోపల దూది ముద్దలు ముద్దలుగా, రాళ్ళ సంచిలా ఉంది. విల్లు చంకకు తగిలించి నారి మీద కొట్టడం మొదలుపెట్టాను. టంగ్, టంగ్. దూది లేచి ఎండలో తేలుతోంది. ఆమె గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. మిత్రీకి చక్కెర లేని కాఫీ ఇచ్చి వీధి వైపు పంపేసింది, "ఇది మా ఇంటి మాట" అని.

"ఇక అడుగు," అంది నాతో. "అడగడానికేగా వచ్చావు."

నారి ఆపకుండానే అడిగాను. మొహం చూస్తే అడగలేనని తెలుసు. "ఆ రోజు అబద్ధమాడావు. ఒప్పుకో పిన్నీ. నేను నీ పాలు తాగలేదు. నాకన్నీ గుర్తే. మిడతలొచ్చిన రోజే గుర్తుంటే ఇది గుర్తుండదా? నన్ను నీలం గుడ్డలో చుట్టి మెట్ల కింద పెట్టారు. మిడత నా ముక్కు మీద..."

"మిడతలొచ్చినప్పుడు నువ్వెక్కడున్నావురా?"

"చెప్పాగా, మెట్ల కింద."

"మీ అమ్మ కడుపులో ఉన్నావు. అవి వసంతంలో వచ్చాయి. బద్రియా అప్పుడే పుట్టింది. నువ్వు ఆలివ్ కాయలు దులిపే కాలానికి పుట్టావు. దులపడానికి కాయ లేదు ఆ ఏడు. ఆకన్నది లేని ఊళ్ళోకి వచ్చిపడ్డావు."

"మరి నీలం గుడ్డ?"

"అది నా కొడుకు నిసీమ్‌ది." గొంతు ఏమీ మారలేదు. "ముక్కు మీద మిడత వాలిందీ వాడికే. నువ్వు అన్నం తిననని మారాం చేసినప్పుడల్లా నిన్ను ఒళ్ళో వేసుకుని ఆ కథ చెప్పేదాన్ని. నువ్వు మిడత ఎగిరిపోయే దగ్గర నోరు తెరిచేవాడివి. ముద్ద పెట్టేసేదాన్ని."

సరే. ఒప్పుకుంటున్నాను. పైన మొదట్లో నేను చెప్పుకున్న గొప్ప మీరు ఇప్పుడు కొట్టేయవచ్చు. మిడత నన్ను చూడలేదు, నేను దాన్ని చూడలేదు, అది సిగ్గుపడనూ లేదు. యాభై రెండేళ్ళు ఇంకొకరి బిడ్డ జ్ఞాపకాన్ని నాదనుకుని ఊరంతా చెప్పుకు తిరిగాను. అంతకంటే ఏముంది, నా జ్ఞాపకశక్తి అంత గొప్పది. ఇతరులవి కూడా గుర్తుంటాయి.

"నిసీమ్‌కి అరవై రోజులు," అంది. "మిడతలు పోయిన వారానికి వాడూ పోయాడు. పాలు మాత్రం పోలేదు. బద్రియా వాళ్ళమ్మకు ఆకలికి పాలెండిపోయాయి. పిల్ల ఏడుపు గోడ ఇవతలికి వినిపించేది, నా రవికె తడిసేది. వెళ్ళి తెచ్చుకున్నాను. చలికాలంలో మీ అమ్మకు జ్వరమొచ్చింది. నిన్నూ తెచ్చుకున్నాను. నలభై రోజులు."

"మేకపాలు పట్టారని మామయ్య చెప్పాడు."

"మేకపాలా! చెట్టు బెరడు కూడా మిగలని ఏడు మేకలేం తిన్నాయంట? మేకలే మీ మామయ్యను పాలడిగి ఉంటాయి."

నవ్వొచ్చింది. ఆపుకున్నాను. నవ్వితే ఒప్పుకున్నట్టే. "ప్రమాణం చెయ్యి," అన్నాను.

"చెయ్యను. నిజానికైనా సరే దేవుడి పేరు ఎత్తను. మా అమ్మ ఎత్తలేదు, నేనూ ఎత్తను."

"అయితే అబద్ధమే!" విల్లు దించేశాను. పంతొమ్మిదేళ్ళు ముళ్ళతీగ ఇవతల నిలబడి నాలో నేను తయారు చేసుకున్న మాట ఒకటుంది. అది బయటికి వచ్చేసింది. "నీ బిడ్డ పోయాడు. మళ్ళీ పుట్టలేదు. మమ్మల్నిద్దరినీ నీ పిల్లల్లా మిగుల్చుకోవాలని ఆ మాటన్నావు. మేం పెళ్ళాడితే నీకెవరూ ఉండరు. అందుకే అన్నావు."

లోపల మూకుట్లో నూనె మాడుతున్న వాసన వచ్చింది. ఆమె లేవలేదు.

"అవును," అంది.

నేను విల్లు మళ్ళీ ఎత్తబోయాను.

"మిగుల్చుకోవాలనే చెప్పాను. నిజం చెప్పడానికి నాకో కారణముంది. కారణముంటే నిజం అబద్ధమైపోతుందా ఫైదీ? నలభై రోజులు నువ్వు ఎడమవైపు తప్ప తాగలేదు. కుడివైపు పెడితే మొహం తిప్పుకునేవాడివి. ఆ మొహమే ఇప్పుడూ పెట్టావు, అద్దముంటే చూసుకో."

దూది ముక్కొకటి ఆమె జుట్టు మీద వాలింది. నెత్తి మీదా అదే తెలుపు, ఎక్కడుందో మళ్ళీ కనిపించలేదు.

"ఆ రోజు నీకు పెళ్ళాం లేకుండా చేశాను. నిజమే," అంది. "దాని బదులు అక్కనిచ్చాను కదరా. ఆ అక్కనేం చేశావు?"

"ఏం చెయ్యడం ఏంటి?"

"పెళ్ళినాడు మీలో పెళ్ళికూతుర్ని పుట్టింట్లోంచి చెయ్యి పట్టుకుని ఎవరు బయటికి తెస్తారు?"

"అన్నో తమ్ముడో."

"బద్రియాకి ఎవరున్నారు?"

ఎవరూ లేరు. ఒక్కతే కూతురు. తండ్రి మంచం మీద ఉన్నాడు.

"పొద్దున్నుంచీ సాయంత్రం అసర్ నమాజు పిలుపు దాకా ముసుగేసుకుని మెట్ల మీద కూర్చుంది. వియ్యాలవాళ్ళు వీధిలో ఊగిపోతున్నారు. 'పిన్నీ, ఫైదీని పిలు. తమ్ముడని నువ్వేగా చెప్పావు, వచ్చి నా చెయ్యి పట్టుకోమను' అంది. మీ గదికి పరిగెత్తాను. తాళం. ఎక్కడికి పోయావు?"

"యెరికో."

"యెరికోలో ఏం చేస్తున్నావు?"

"పరుపులు ఏకుతున్నాను," అన్నాను. అదీ కాదు. ఆమె పెళ్ళి పరుపు నేనే ఏకి, కుట్టి, మడిచి, మూట కట్టి ఇచ్చి, బస్సెక్కి వెళ్ళి యెరికోలో ఒక నారింజ తోటలో మూడు రోజులు పడుకున్నాను. నారింజలు కూడా తినలేదు. అంత పెద్ద త్యాగం చేస్తున్నాననుకున్నాను.

"చివరికి నేనే పట్టుకున్నాను ఆమె చెయ్యి. ఉల్లిపాయ వాసనకొట్టే ఈ చేత్తో. యూదుల ఆడది తురకల పెళ్ళికూతుర్ని గడప దాటిస్తోందని వీధి వీధంతా చూసింది. ఆమె ఏడవలేదు. 'రాలేదు కదూ' అంది, అంతే."

ఆమె లేచి లోపలికెళ్ళి పొయ్యి ఆర్పి వచ్చింది. కూర్చోలేదు. గుమ్మాన్ని పట్టుకుని నిలబడింది.

"పండుగనాడు మీవాళ్ళు ఏం చేస్తారో నాకూ తెలుసు. ముందు నమాజు. తర్వాత సమాధులు. ఆ తర్వాత అక్కచెల్లెళ్ళ ఇళ్ళు. ఎంత పోట్లాటున్నా ఆ రోజు వెళ్తారు. పద్నాలుగేళ్ళు చూశాను నేను, ఏటా రెండు పండుగలు. ఆమె కాఫీ కప్పులు కడిగి బోర్లించేది. ఉన్న మనుషుల కంటే ఒకటి ఎక్కువ. మొగుడు నవ్వేవాడు. ఆ తర్వాత సంగతి నాకు తెలీదు, తీగ అవతల పడ్డాను. నువ్వు ఇవతలే ఉన్నావు. పది గుమ్మాలు. నువ్వు చెప్పు. ఆ కప్పు ఇప్పటికీ పెడుతోందా?"

తెలియదు.

బద్రియా కూరగాయలవాడితో బేరమాడే గొంతు నాకు తెలుసు. ఆమె కిటికీలో దీపం ఏ వేళకు ఆరుతుందో తెలుసు. కూతుళ్ళిద్దరూ కువైట్‌లో ఉన్నారని, తీగ తెంచిన ఆ కొత్త యుద్ధం తర్వాత ఉత్తరాలు ఆలస్యంగా వస్తున్నాయని, తపాలావాడు ఆమె గుమ్మం దాటిపోతే తలుపు కొంచెం గట్టిగా పడుతుందని తెలుసు. ముప్పై మూడేళ్ళు నేను పెళ్ళాడలేకపోయిన ఆడమనిషిని దూరం నుంచి కాపలా కాశాను. పది గుమ్మాల దూరంలో అక్క ఒకతె ఉందని, ఆమె ఇంట్లోకి నేను తలుపు కూడా తట్టకుండా వెళ్ళవచ్చని, ఆ హక్కు ఆ వీధి మొత్తం మీద నాకొక్కడికే ఉందని ఒక్కసారీ తట్టలేదు.

మిగతా పరుపు ఏకాను. కుట్టాను. ఆమె దాని మీద కూర్చుని చేత్తో అదిమి చూసింది.

"ఇవాళ నిద్రపడుతుంది," అంది. చల్లారిన పిండి ఉండలు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. "సూర్యుడు దిగాక తిను. ఆమెతో చెప్పు, నేను బతికే ఉన్నానని. మీరిద్దరూ రాకపోతే నన్నిక్కడ ఉమ్ నిసీమ్, నిసీమ్ తల్లీ అని పిలిచేవాళ్ళే లేరు. అందరికీ నేను పదకొండో నంబరింటి ముసలమ్మని."

తిరిగొస్తుంటే మిత్రీ చాలా దూరం ఓపిక పట్టాడు. అది వాడి ఒంటికి పడదు.

"ఏమంది?"

"నిజమేనంది."

"అయితే పెళ్ళి లేదన్నమాట. ఇరవై పెద్ద కొవ్వొత్తులు పక్కన పెట్టానురా నీ కోసం." నేను నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. "నాకు బేత్లెహేములో ఇద్దరక్కలు. పండుగకి వెళ్తానా, గుమ్మంలోనే తిట్టడం మొదలు. కూర్చున్నాక తిట్లు, తింటుంటే తిట్లు. బయటికొచ్చి బస్సెక్కాక ఎందుకో తెలీదు, వారం దాకా ఒంట్లో బాగుంటుంది."

ఆ సాయంత్రం ఉపవాసం విడిచే ఫిరంగి పేలింది. వీధిలో అన్ని కిటికీల్లోంచీ గిన్నెల చప్పుడు ఒక్కసారిగా లేచింది. నేను నా గదిలో గోడకు ఆనుకుని ఆ చల్లటి పిండి ఉండలు తిన్నాను. బాగున్నాయి. బాగున్నాయని చెప్పడానికి అటూ ఇటూ చూశాను.

రెండు రోజులకు పండుగ. తెల్లవారి నమాజు చేశాను. మా అమ్మ సమాధి మీద పచ్చి ఈత మట్ట పెట్టాను. కొత్త దిండు ఒకటి చంకలో పెట్టుకున్నాను, నా చేత్తో మూడుసార్లు ఏకిన దూది. వీధిలోకి వచ్చాను. "ఏటేటా బాగుండాలి అబూ గాయిబ్! ఎటు, ఇంత పొద్దున్నే?" అన్నాడు క్షురకుడు. "ఇటే," అన్నాను. పది గుమ్మాలే. తొమ్మిదో గుమ్మం దగ్గర చెప్పులో రాయి పడిందని కూర్చున్నాను. రాయి లేదు.

తట్టక్కర్లేదు కదా, అయినా తట్టాను.

"ఎవరూ?" అంది లోపల్నుంచి.

"ఫైదీని."

"ఈ ఇంట్లో ఏకాల్సిందేమీ లేదు," అంది.

"పనికి రాలేదు. పండుగకి వచ్చాను. నీ తమ్ముణ్ణి."

పక్కింటి పిల్లలు కొత్తబట్టలతో మెట్లు దిగుతూ నన్నూ దిండునీ చూసి నవ్వారు.

"నాకు తమ్ముడున్నాడని ఎవరు చెప్పారు నీకు?"

"ఉమ్ నిసీమ్."

"బతికుందా?" ఆ మాట తలుపుకు బాగా దగ్గరగా వినిపించింది.

"ఉంది. నీ సంగతి అడిగింది. నన్నూ అడిగింది. అక్కా, నన్ను చాలా అడిగింది."

గొళ్ళెం జారింది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో బద్రియా నిలబడి, నా తల మీద చెయ్యి వేసి, "లోపలికి రారా," అంది.

ఇక్కడ ఆపితే మీరు హాయిగా పత్రిక మూసేస్తారు. కానీ మిడత విషయంలో ఒకసారి మోసపోయారు, ఇంకోసారి మోసం చేయబుద్ధి కావడం లేదు. పైన రాసినదంతా జరిగింది, ఒక్కటి తప్ప. గొళ్ళెం జారలేదు. ఆ తలుపు తెరిచింది నేనే, ఈ కాగితం మీద, నిన్న. ఆ రోజు అది మూసే ఉంది. చెక్కకు అటువైపు ఆమె ఊపిరి వినిపిస్తోంది. వెనక్కి వెళ్ళిపోతున్న అడుగులు మాత్రం వినిపించలేదు.

"ఇంకోసారి చెప్పు," అంది లోపల్నుంచి. "నువ్వు ఎవరివన్నావు?"